కారు నెత్తిన ఎండ: మేడ్చల్ చుట్టూ రెండు రోజులు

ఏప్రిల్ 12, శనివారం. ఉదయం 9.40. మేడ్చల్‌లో మా ఇంటి గేటు ముందు.

హాజరైనవారు: నేను, నా భార్య అనసూయ, ఆమె తమ్ముడు సత్తయ్య (నా బావమరిది, కారు యజమాని), అతని కూతురు లావణ్య (కారు నడిపేదీ, ఆ కారు కప్పును తయారుచేసిందీ ఆమే). రెండు ఫ్లాస్కుల మజ్జిగ. ఒక కొత్త నోట్‌బుక్కు.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఉద్యోగం మీద మేడ్చల్ వచ్చి ముప్పై మూడేళ్ళయింది. ఇళ్ళల్లో కరెంటు మీటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో పరీక్షించే పని చేసి రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో కండ్లకోయకూ దుండిగల్‌కూ శామీర్‌పేటకూ లెక్కలేనన్నిసార్లు వెళ్ళి ఉంటాను, ప్రతిసారీ ఏదో ఒక పని మీద. ఊరికే చూద్దామని వెళ్ళింది ఇదే మొదలు. మొత్తం కలిపినా ఎనభై కిలోమీటర్లు దాటని యాత్ర. కాశీకి వెళ్ళివచ్చినప్పుడు కూడా డైరీలో ఇన్ని పేజీలు నిండలేదు.

ముందు కారు సంగతి చెప్పాలి. అది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. ఇంటి ప్లగ్గులో పెట్టి చార్జి చేసుకోవచ్చు. చార్జి అయిపోతే పెట్రోలు మీద నడుస్తుంది. సత్తయ్య ఇంకొకరు వాడిన బండిని కొన్నాడు. లావణ్య కొంపల్లి వైపు ఒక కార్ల సర్వీసు సెంటర్లో ఏడేళ్ళుగా ఎలక్ట్రికల్ పని చూస్తోంది. ఆరు నెలల ఆదివారాలు కూర్చుని ఆ కారు కప్పు మీద సోలార్ పలక బిగించింది. ఎండ పడినంతసేపూ బ్యాటరీలోకి కరెంటు వెళుతుంది. ఎంత వెళ్ళిందో చూపే చిన్న మీటరు డ్రైవరు పక్కన పెట్టింది. పని చాలా శుభ్రంగా ఉంది. వైరు ఒక్కటి కూడా బయటికి కనబడదు.

ఇప్పుడు ఆమె ఉద్యోగం మానేసి ఇదే పనికి షెడ్డు తీసుకోవాలనుకుంటోంది. రాజీనామా ఫోన్‌లో టైపు చేసి పెట్టుకుంది. షెడ్డు యజమానికి సోమవారం పొద్దునకల్లా మాట చెప్పాలి. అందుకే ఈ రెండు రోజులు. ఎక్కడా ప్లగ్గులో పెట్టకూడదు, ఆగిన ప్రతిచోటా కారు ఎండలోనే నిలబెట్టాలి, కప్పు ఇచ్చింది ఇచ్చినట్టు నేను రాయాలి.

"నువ్వు రాస్తే నమ్ముత మామా," అంది లావణ్య. "బాపు లెక్కలు మనతోని గావు."

సత్తయ్య లెక్క ఏమిటంటే, ఇక పెట్రోలు బంకును మరిచిపోవచ్చని. ఆ మాట అప్పటికే మేడ్చల్‌లో సగం మందికి చెప్పాడు.

కండ్లకోయ

హైవే పక్కన ఇంజనీరింగ్ కాలేజీల ముందు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. టీ కొట్టు దగ్గర ఆగాం. టీ పదిహేను రూపాయలు, ఉస్మానియా బిస్కెట్టు ఐదు. మా జగిత్యాల వైపు టీ కొట్టులో కూర్చుంటే ఎవరి కొడుకువని అడుగుతారు. ఇక్కడ ఏ కాలేజీ అని అడుగుతారు. డెబ్బై ఏళ్ళవాణ్ని నన్ను కూడా, ఏ కాలేజీలో చెబుతారు సార్ అని అడిగారు. అనసూయ చాలాసేపు నవ్వింది.

కొట్టు పక్కన చింతచెట్టు నీడ ఖాళీగా ఉంది. మేం కారును ఎండలో నిలబెట్టి, మేం మాత్రం నీడలో కూర్చున్నాం. ఒక కాలేజీ బస్సు డ్రైవరు కొంతసేపు చూసి, ఉండబట్టలేక లేచి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. మెడలో తడి తువ్వాలు.

"జాగ ఉన్నది గదనే, ఎండల వెట్టిండ్రేంది? సీట్లు కాల్తయి," అన్నాడు సత్తయ్యతో.

ఎండలో ఉంటేనే చార్జి అవుతుందని సత్తయ్య వివరించాడు. వివరించడంతో ఆగలేదు. విద్యార్థులు పదిమంది చేరేసరికి గొంతు పెంచి, రోజుకు నలభై కిలోమీటర్లు ఉత్త ఎండ మీద నడుస్తుందన్నాడు. నలభై కాదు, రోజంతా మంచి ఎండ ఉంటే ఐదారు అని లావణ్య దిద్దింది. విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం వంగి కప్పు అంచులు చూసి, అతుకు ఎలా వేశారక్కా అని అడిగింది. పావుగంట వాళ్ళిద్దరే మాట్లాడుకున్నారు. లావణ్య ముఖం అంత వెలిగిపోవడం ఈ మధ్య నేను చూడలేదు.

గంటన్నర తరువాత కారెక్కాం. బస్సు డ్రైవరు అబద్ధం చెప్పలేదు. సీటు బెల్టు కొక్కెం తగిలి సత్తయ్య వేలు చురుక్కుమంది. అనసూయ కొంగు మడిచి కింద వేసుకుని కూర్చుంది. కారులో వదిలిన నా పెన్ను వేడికి కక్కి, నోట్‌బుక్కు మొదటి పేజీ నీలంగా మారింది. ఏసీ గట్టిగా పెట్టి పది నిమిషాలు నడిపితే గాని లోపల మనిషి నిలవలేకపోయాడు.

చిన్న మీటరు చూసి రాశాను: కప్పు ఇచ్చింది, యూనిట్టులో ఐదో వంతు. దాని పక్కనే కారు తెర మీద ఇంకో అంకె ఉంది. ఆ పది నిమిషాల్లో ఏసీ తీసుకున్నది, దాదాపు అర యూనిట్టు. దానికి నా నోట్‌బుక్కులో గడి గీయలేదు. తరువాత చూద్దాంలే అనుకున్నాను.

గుండ్లపోచంపల్లి

గోదాములు, కొత్త అపార్టుమెంట్లు, వాటి మధ్య ఇంకా మిగిలిన రెండు మూడు కూరగాయల మళ్ళు. షెడ్డు యజమాని బుచ్చిరెడ్డి ఒకప్పుడు అక్కడే వరి వేసేవాడట. ఇప్పుడు అదే నేలలో నాలుగు రేకుల షెడ్లు. పాత అలవాటు కొద్దీ వాటిని మొదటి మడి, రెండో మడి అనే పిలుస్తాడు. లావణ్య అడిగింది మూడో మడి.

షెడ్డు బాగుంది. లావణ్య లోపల అటూ ఇటూ నడిచి, బెంచీ ఎక్కడ, కారు ఎక్కడ, వైర్ల అల్మారా ఎక్కడ అని వేలితో గాలిలో గీసి చూపించింది. గోడకు ఒక మేకు అప్పటికే కొట్టి ఉంది. దాని మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

బుచ్చిరెడ్డి మాకు ఉల్లిగడ్డ వేసిన సర్వపిండి, అంటే బియ్యప్పిండి రొట్టె, పెట్టించాడు. మా వైపు సర్వపిండిని గిన్నె అడుగుకు అద్ది కాలుస్తారు. ఇక్కడ పెనం మీద పలుచగా చేస్తారు. మాది కరకర తక్కువ, రుచి ఎక్కువ అని నా అభిప్రాయం. అనసూయ ఒప్పుకోలేదు.

నీళ్ళ బాటిళ్ళు నిల్వ చేసుకునే ఒకాయన అదే షెడ్డు కోసం తిరుగుతున్నాడని, సోమవారం దాటితే తాను ఆపలేనని బుచ్చిరెడ్డి నెమ్మదిగా చెప్పాడు. ఉద్యోగం వదులుతున్నావా బిడ్డా అని అడిగాడు. చూస్తున్న పెదనాయినా, అంది లావణ్య.

బయటికి వచ్చేసరికి కారు కనబడలేదు. నిలబెట్టిన చోట ఆకుపచ్చ గుట్ట ఒకటి ఉంది. మేం లోపల ఉండగా బుచ్చిరెడ్డి కాపలాదారు, నర్సరీలకు కట్టే గ్రీన్ నెట్టు రెండు మడతలు వేసి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, కారును పూర్తిగా కప్పేశాడు.

"సుట్టాల బండి ఎండుతాంది గదా అని కప్పిన," అన్నాడు సంతోషంగా.

అతనికి ఏమని చెప్పగలం. సత్తయ్య వంగి రాళ్ళు తీశాడు. అనసూయ కాపలాదారుకు ఒక గ్లాసు మజ్జిగ పోసింది. నోట్‌బుక్కులో: కప్పు ఇచ్చింది, దాదాపు సున్నా.

దుండిగల్

సాయంత్రానికి దుండిగల్ చేరాం. అనసూయ పిన్ని కూతురు రాజేశ్వరి కుటుంబం అక్కడ ఒక కొత్త కాలనీలో ఉంటుంది. డాబా మీద చాప వేసుకుని కూర్చుంటే విమానాల శిక్షణ కేంద్రం వైపు నుంచి చిన్న విమానాలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరిగి దిగుతున్నాయి. ఆ ఇంట్లో ఎవరూ తల ఎత్తి చూడరు. విమానం వచ్చినప్పుడు మాట ఆపి, వెళ్ళిపోగానే ఆగిన అక్షరం దగ్గరి నుంచి అందుకుంటారు. ఆ అలవాటు మాకు లేక, మా మాటలు సగం గాలిలో పోయాయి.

రాత్రికి జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుచేపలు. లావణ్య సరిగ్గా తినలేదు. తొందరగా లేచి కిందికి వెళ్ళింది.

అప్పుడు అనసూయ నా నోట్‌బుక్కు వైపు చూసింది.

"మీ లెక్కలతోని పిల్ల మనసు ఖరాబ్ జెయ్యకుండ్రి," అంది. "ఏడేండ్ల సంది వేరేవాళ్ళ కిందనే జేస్తాంది. దానికి ఒక్కటి సొంతంగ కావాలె."

నేను రాయని అంకె ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు రెండుసార్లు ఆగిన కారును చల్లబరిచాం, రెండుసార్లూ ఆ అంకె చూశాను, రెండుసార్లూ రాయలేదు. గడి లేదు కాబట్టి రాయలేదని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాకుతో నిద్ర కూడా బాగానే పట్టింది.

ఆదివారం పొద్దున, అదే ఇల్లు

ఆరున్నరకే ఎండ కప్పు మీద పడేలా లావణ్య కారును వీధి మధ్యకు తెచ్చి పెట్టింది. ఎనిమిదింటికి మేం టిఫిను ముగించి బయటికి వస్తే, కప్పు మీద ఒక పాత నూలు చీర పరచి ఉంది. చీర మీద వరసలు వరసలుగా సగ్గుబియ్యం వడియాలు. తడి ఇంకా ఆరలేదు.

రాజేశ్వరి అత్తగారు, ఎనభై దాటిన అవ్వ, గడప మీద కూర్చుని కర్రతో కాకుల్ని తోలుతోంది.

లావణ్యే దగ్గరికి వెళ్ళి కూర్చుని, అవ్వా, అది కరెంటు పలక, ఎండ తగలాలి అని చెప్పింది.

"ఎండ తగలాల్ననే గదనే ఏసిన," అంది అవ్వ. "గంత సాపు అద్దం, ఎండల ఉత్తగ వెట్టిండ్రు. డాబా ఎక్కుదామంటె నా మోకాళ్ళు వశంగావు. ఇది నా చేతికందింది."

చీర ఎత్తి తీసేద్దామంటే తడి వడియాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పిండి ఉడికించడానికి అవ్వ నాలుగింటికే లేచిందట. లావణ్య నవ్వేసి, ఎండినాకనే పోదాం అంది. పైతడి ఆరి చీర ఎత్తగలిగే దాకా, అంటే పదకొండింటి దాకా, కూర్చున్నాం. కాకుల కాపలా సత్తయ్యకు పడింది. కాలనీ వాళ్ళు వచ్చీపోతూ, ఏందన్నా, కారు గింత మంచిగ పనిజేస్తాందా అని అడిగిపోయారు. అతను కర్ర ఊపుతూనే, దీన్ని ఎండ బండి అంటరు తమ్మీ అని జవాబు చెప్పాడు. వెళ్ళేటప్పుడు అవ్వ అంతకుముందు ఎండబెట్టినవి ఒక డబ్బాడు వడియాలు అనసూయ చేతిలో పెట్టింది. ఆ డబ్బా ఇప్పటికి సగం ఖాళీ అయింది.

నోట్‌బుక్కులో: 8 నుంచి 11 దాకా, వడియాల కింద.

శామీర్‌పేట

చెరువు దగ్గరికి చేరేసరికి పన్నెండు దాటింది. నీళ్ళు బాగా వెనక్కి తగ్గాయి. కట్ట మీద జంటలు, సెల్ఫీలు, ఉడకబెట్టిన పల్లీలు అమ్మేవాళ్ళు. పొట్లం ఇరవై. ఆదివారం కాబట్టి నగరం సగం ఇక్కడే ఉన్నట్టుంది. కారును నడి ఎండలో పెట్టి, కట్ట మీది చెట్టు కింద గంటసేపు పల్లీలు తిన్నాం. ఆ గంట కప్పు బాగానే ఇచ్చింది. నేను రాసుకుంటుంటే లావణ్య చెయ్యి చాచి నోట్‌బుక్కు అడిగింది. రెండు రోజుల పేజీలూ తిప్పింది.

"మామా, ఏసీ ఏది?"

"దానికి గడి గీయలేదమ్మా."

"గడి లేక రాయలేదా? నా కోసం రాయలేదా?"

నేను పల్లీల పొట్లం వైపు చూశాను.

"ముప్పై ఏండ్లు మీటర్లు జూసినవ్. ఎవలకన్న గిట్ల వదిలినవా?"

లేదు అన్నాను. నిజంగానే ఎవరికీ వదల్లేదు. మా ఇంటి మీటరు కూడా ఒకసారి నేనే తప్పు పట్టి మార్పించాను.

"మరి నాకెందుకు వదిలినవ్? నేను ఉద్యోగం ఇడ్సిపెట్టినంక తెలిస్తె మంచిగుంటదా?"

పెన్ను నా చేతిలోంచి తీసుకుని, తనే నిలువుగా ఒక గీత గీసింది. పైన ఏసీ అని రాసింది. కారు తెరలో పాత అంకెలన్నీ దాచి ఉంటాయట. నాకు తెలియదు. ఒక్కొక్కటీ చూసి చదువుతుంటే, నేను రాశాను. ఈ గంట ఎండలో నిలబడిన కారును చల్లబరచడానికి పట్టింది కూడా రాశాం.

తరువాత ఆమె రెండు రోజుల నియమాన్ని తానే తప్పించింది. రోడ్డు పక్కన మల్లమ్మ అనే ఆవిడ నడిపే హోటలుంది. ముందు వెదురు గుంజల మీద పెద్ద టార్పాలిన్ పందిరి, దాని కింద గిరాకీల బండ్లు. కారు అందులో పెట్టింది. సత్తయ్య అడ్డుపడ్డాడు.

"నీడల వెడితే ఏమొస్తది బిడ్డా?"

"ఏం రాదు బాపు. ఎంత పోతదో జూద్దాం."

గంటసేపు తిన్నాం. చేపల పులుసుతో అన్నం నూట ఇరవై. పులుసులో చింతపండు మా ఇంట్లో కంటే ఎక్కువ, కారం అంతకంటే ఎక్కువ. అనసూయ వడ్డించే ఆవిడను అడిగి మెంతిపొడి ఎప్పుడు వేస్తారో తెలుసుకుంది. కారెక్కి, ఎండలో చేసినట్టే పది నిమిషాలు చల్లబరిచాం. లావణ్య చదివింది, నేను రాశాను.

ఎండలో గంట: కప్పు ఇచ్చింది 0.15 యూనిట్టు. చల్లబరచడానికి పట్టింది 0.45.
నీడలో గంట: కప్పు ఇచ్చింది సున్నా. చల్లబరచడానికి పట్టింది 0.2.

అంటే ఎండలో సంపాదించిన దానికంటే, ఎండలో పెట్టినందుకు అయిన అదనపు ఖర్చే ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఎండలో ఉండే కారుకు ఒక యూనిట్టు దాకా మిగలవచ్చు. ఆ యూనిట్టు ఇంటి ప్లగ్గులో ఎంత పడుతుందో బిల్లు కట్టే ఎవరికైనా తెలుసు. పలక ఖర్చు తిరిగి వచ్చేలోపు కారే పాతబడిపోతుంది. పాఠకులు నన్ను అడిగితే కారు కప్పు మీద వేయించుకోమని చెప్పను. అది ఎంత చక్కగా బిగించినా సరే.

లావణ్య ఆ అంకెలను మళ్ళీ ఒకసారి లెక్కవేసింది.

"కరెక్టే ఉన్నది," అంది చివరికి. అంతే.

"ఊరంత జెప్పిన గదనే," అన్నాడు సత్తయ్య.

"నువ్వు జెప్పినవ్ బాపు. నేను ఎవలకు జెప్పలే."

ఆమె నవ్వుతూ అన్నది గనుక అతనూ నవ్వాడు. నవ్వు ఆగిన తరువాత ఇద్దరూ వేరే వైపులకు చూశారు. డబ్బులు తీసుకోవడానికి వచ్చిన మల్లమ్మ కారు నెత్తి మీద వేళ్ళతో తట్టి, ఇదేమి రేకు అని అడిగింది. సోలార్ అని చెప్పాం. ఆమె పైన తన టార్పాలిన్ వైపు చూసింది. మూడు చోట్ల కుట్లు, ఒక చోట పెద్ద చిరుగు.

"గాలిదుమారమొచ్చినప్పుడల్ల ఇది చినుగుతది," అంది. "గీ రేకులు పందిరి మీదేస్తే ఆగుతదా? నీడ అయితదా?"

నీడా అవుతుంది, కరెంటూ వస్తుంది అని సత్తయ్య మొదలుపెట్టబోయాడు. లావణ్య అతని చెయ్యి పట్టి ఆపింది. గుంజలు వెదురువి, ఆ బరువు మోయవు, ఇనుపవి కావాలి అంది. ఇనుపవైతే ఎంతవుతుందని మల్లమ్మ అడిగితే, తెలియకుండా చెప్పను పిన్నీ అని లావణ్య మల్లమ్మ నంబరు రాసుకుంది.

మేడ్చల్‌కు తిరిగి బయలుదేరాం. దారి పొడవునా ఆగిన బండ్లన్నీ నీడలోనే ఉన్నాయి. చెట్టు కింద, గోడ పక్కన, ఫ్లెక్సీ కింద. అన్నిచోట్లా లావణ్య బండి కొద్దిగా నెమ్మది చేసి చూసింది. నేనూ చూశాను. దిగేటప్పుడు అనసూయ ఆమె తల నిమిరింది. నా వైపు చూస్తుందేమోనని భయపడ్డాను. చూసింది గాని, కోపం లేదు.

సోమవారం పొద్దున

ఏడింటికి నేను గేటు దగ్గర పేపరు తీస్తుంటే లావణ్య స్కూటీ ఆగింది. సర్వీసు సెంటరు నీలం చొక్కా వేసుకుని ఉంది. అంటే ఉద్యోగానికే వెళుతోందన్నమాట. అడగకముందే చెప్పింది.

"ఆరింటికే పెదనాయినకు ఫోన్ జేసిన. షెడ్డు వద్దన్న. సరే బిడ్డా, మల్ల జూద్దాం అన్నడు."

టీ తాగమన్నాను. అనసూయ టీ తెచ్చి ఇచ్చి, తాగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడింది.

"మన గేటు ముందట మీ బాపు బండి వెడితే మాడుతది," అంది. "గా హోటలామె అడిగినట్టు ఒక పందిరి మాకెయ్యి. ఇనుప గుంజలతోనే. ఆదివారాలు జెయ్యి, ఎన్ని నెలలైనా కానీ. మొదటిది మాదే ఉండాలె."

"అత్తా, మా మామ ఒప్పుకోవద్దా?"

"మీ మామను అడుగుతలేను."

లావణ్య నా వైపు చూసింది. లోపలికి వెళ్ళి నోట్‌బుక్కు తెచ్చాను. ఆమె అప్పటికే బ్యాగులోంచి కొలిచే టేపు తీసింది. ఆఫీసుకు వెళ్ళే మనిషి బ్యాగులో టేపు ఎందుకుందో నేను అడగలేదు. ఒక కొస నా చేతిలో పెట్టి, గోడకు ఆనించి గట్టిగా పట్టుకోమని, రెండో కొసతో వీధి వైపు నడిచింది.

"పద్దెనిమిదిన్నర ఫీట్లు," అంది అక్కడి నుంచి.

రాసుకున్నాను. అడ్డం కొలత తీసేలోపు ఆఫీసు టైమయింది. సాయంత్రం తీద్దామని చెప్పి వెళ్ళిపోయింది.